రెండు నదుల నడుమ నాయకుడు – ఒపెచాంకనౌ

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా పొగాకు అనే మాట తెలియని రైతు కుటుంబం ఉండదు. బ్యారన్లో కాల్చి, బేళ్ళు కట్టి అమ్మే ఆ పొగాకుకు ఆ పేరు అమెరికా తూర్పు తీరంలోని వర్జీనియా నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఆ పేరు పెట్టకముందు అక్కడి జనం తమ దేశాన్ని సెనాకొమ్మకా అని పిలుచుకునేవారు. ఆ దేశం పొగాకు తోటలుగా మారిపోవడాన్ని కళ్ళారా చూసి, నలభై ఏళ్ళపాటు దాన్ని ఆపాలని చూసిన ఒక నాయకుని జీవితం ఈ వారం మీకు చెప్పబోతున్నాను. ఆయన పేరు ఒపెచాంకనౌ. పేరు నోరు తిరగడం కష్టమే గాని, రెండుసార్లు పలికితే అలవాటవుతుంది.

మీ పిల్లలు పోకహోంటాస్ పేరు వినే ఉంటారు. 1995లో డిస్నీ కంపెనీ ఆమె పేరుతో బొమ్మల సినిమా కూడా తీసింది. ఒపెచాంకనౌ ఆ పిల్లకు స్వయానా పినతండ్రి. ఆమె కథ చెప్పేవారు ఈయనను అంతగా తలచుకోరు. తలచుకున్నా, దొంగదెబ్బ తీసిన క్రూరుడని ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట ఎంతవరకు న్యాయమో మీరే చదివి తేల్చండి.

ముందు ఆ దేశం సంగతి. చెసపీక్ అనే పెద్ద అఖాతంలోకి పడమటి నుంచి నాలుగు నదులు వచ్చి పడతాయి. వాటి ఒడ్డున ముప్ఫై దాకా తెగలు, మొత్తం పద్నాలుగు పదిహేను వేల జనం ఉండేవారని చరిత్రకారుల అంచనా. ఆడవాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. మగవాళ్ళు వేటాడేవారు, వలలు వేసేవారు. ఈ తెగలన్నిటినీ ఒక్క పాలన కిందికి తెచ్చినవాడు వహున్సెనకా. ఇంగ్లీషువాళ్ళు ఆయనను పౌహాటన్ అన్నారు. ఆయనకు తండ్రి తరం నుంచి దక్కినవి ఆరేడు తెగలు మాత్రమే; తక్కినవన్నీ నయానా భయానా కలుపుకున్నవే. వారి ఆచారంలో పదవి తల్లి రక్తాన్ని బట్టి నడిచేది. అన్న తరువాత తమ్ముళ్ళు, తమ్ముళ్ళ తరువాత అక్కచెల్లెళ్ళు, ఆ తరువాత అక్క బిడ్డలు. కొడుకుకు ఏమీ రాదు. పౌహాటన్‌కు ముగ్గురు తమ్ముళ్ళు. వారిలో ఒపెచాంకనౌ పమంకీ తెగకు నాయకుడు. మట్టపొనై, పమంకీ అనే రెండు నదులు కలిసి యార్క్ నదిగా మారే సంగమం దగ్గర ఆయన ఊళ్ళు. ఆ కూటమిలో అన్నిటికంటే బలమైన తెగ అదే.

ఇంగ్లీషువాళ్ళ కంటే ముందు ఆ నేల మీద కాలు పెట్టినవారు మన కథోలిక గురువులని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. 1561లో ఒక స్పెయిన్ ఓడ ఆ అఖాతంలోకి వచ్చి, ఆ ప్రాంతపు నాయకుల ఇంటి పడుచువాణ్ణి ఒకణ్ణి ఎక్కించుకుపోయింది. అతని పేరు పకికినేయో. స్పెయిన్ తీసుకువెళ్ళి రాజు రెండవ ఫిలిప్ ఎదుట నిలబెట్టారు. తరువాత మెక్సికోలో అతనికి జబ్బు చేసింది. అక్కడే జ్ఞానస్నానం ఇచ్చారు. రాజప్రతినిధి పేరే అతనికీ పెట్టి దోన్ లూయిస్ దె వెలాస్కో అన్నారు. తొమ్మిదేళ్ళు ఇలా గడిచాక, మా దేశానికి రండి, మావాళ్ళకు వేదం చెప్పండి, నేను దారి చూపిస్తానని యేసుసభ గురువులకు మాట ఇచ్చాడు.

1570 సెప్టెంబరు 10న సెగూరా గురువులు, కిరోస్ గురువులు, వారితో ఆరుగురు సహోదరులు, అలోన్సో అనే కుర్రవాడు అక్కడ దిగారు. సైనికులు వద్దేవద్దని సెగూరా గురువులు పట్టుబట్టారు. తుపాకుల నీడలో సువార్త చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. ఎంత మంచి తలంపు! కాని వారు దిగిన ఏడు ఆ దేశంలో కరువు. ఆరేళ్ళుగా పంటలు లేక జనం వేర్లు తవ్వుకుని తింటున్నారు. దోన్ లూయిస్ కొద్దిరోజులకే గురువులను వదిలి తన బంధువుల ఊరికి వెళ్ళిపోయాడు. తనవారి ఆచారం ప్రకారం ఒకరికంటే ఎక్కువమంది భార్యలను చేసుకున్నాడు. గురువులు చలికాలమంతా పనిముట్లు ఇచ్చి మొక్కజొన్న తెచ్చుకుంటూ నెట్టుకొచ్చారు. అతణ్ణి తిరిగి రమ్మని కబురు మీద కబురు పంపారు. 1571 ఫిబ్రవరిలో అతను వచ్చాడు గాని మనుషులతో వచ్చాడు. ముందు కిరోస్ గురువులను, వారి వెంట ఉన్న ఇద్దరిని; కొన్ని రోజుల తరువాత సెగూరా గురువులను, మిగిలినవారిని చంపారు. గుడి కట్టడానికి చెట్లు నరకాలని చెప్పి గురువుల గొడ్డళ్ళు తీసుకుని, వాటితోనే చంపారు. అలోన్సో ఒక్కడే బతికాడు. మరుసటి ఏడు స్పెయిన్ ఓడలు వచ్చి ఆ కుర్రవాణ్ణి తీసుకుని, చేతికి దొరికిన కొందరిని ఓడ మీదే ఉరి తీశాయి. ఉరికి ముందు రోగెల్ అనే యేసుసభ గురువు వారికి వేదం చెప్పి జ్ఞానస్నానం ఇచ్చారు. దోన్ లూయిస్ మాత్రం దొరకలేదు.

ఆ దోన్ లూయిసే ఈ ఒపెచాంకనౌ అని కొందరు చరిత్రకారులు గట్టిగా వాదించారు. కాదని అంతే గట్టిగా మరికొందరన్నారు. నాకు రెండో వాదమే సబబుగా కనిపిస్తుంది. వయసులు బలవంతంగా లెక్క కడితే తప్ప కుదరవు; ఒక మనిషి స్పెయిన్ రాజును చూసి వచ్చి, ముప్ఫై అయిదేళ్ళకు ఇంగ్లీషువాళ్ళ ముందు ఆ సంగతి పొక్కనివ్వకుండా ఉండటం నమ్మశక్యంగా లేదు. కాని ఆ కథ జరిగినది అదే నదుల దేశంలో, ఒపెచాంకనౌ బతికిన కాలంలోనే. సముద్రం మీద వచ్చినవాళ్ళు మన కుర్రవాణ్ణి తీసుకుపోయి, వేరే పేరు పెట్టి తెచ్చారన్న సంగతి ఆ ఒడ్డున మరచిపోయే సంగతి కాదు. దీన్ని మీరు కాస్త గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

1607 మే నెలలో జేమ్స్ నది ఒడ్డున 104 మంది ఇంగ్లీషువాళ్ళు దిగి, జేమ్స్‌టౌన్ అనే చిన్న కోట కట్టుకున్నారు. వారిని పంపింది లండన్‌లోని వర్జీనియా కంపెనీ. 1609 నుంచి పదేళ్ళపాటు ఆ కంపెనీ పెత్తనం చూసిన సర్ థామస్ స్మైత్ ఈస్టిండియా కంపెనీకి కూడా గవర్నరు. 1611లో మన మచిలీపట్నం రేవులో దిగిన ఇంగ్లీషు వర్తకులను పంపినదీ ఆ ఈస్టిండియా కంపెనీయే. ఇక్కడ వారు మిరియాలకు, బట్టలకు వచ్చారు. అక్కడ బంగారం కోసం వెళ్ళి, అది దొరకక నేల మీద పడ్డారు.

ఆ ఏడు డిసెంబరులో జాన్ స్మిత్ అనే కెప్టెన్ చికహామినీ నది పై భాగంలో తిరుగుతూ ఒపెచాంకనౌ మనుషులకు చిక్కాడు. అతని తోటివాళ్ళు చచ్చిపోయారు. స్మిత్ జేబులోంచి దిక్సూచి తీసి చూపించి ప్రాణం దక్కించుకున్నానని రాసుకున్నాడు. అసలు సంగతి వేరు. అంతకు కొన్నేళ్ళ ముందు ఎవరో ఓడ కెప్టెన్ రాపహానక్ నది మీదికి వచ్చి అక్కడి నాయకుణ్ణి చంపి, మనుషులను ఎత్తుకుపోయాడు. అతను ఇతనేనా అని తేల్చడానికి స్మిత్‌ను ఆ ఊరిదాకా నడిపించుకుపోయారు. ఆ కెప్టెన్ పొడుగువాడు, ఇతను పొట్టివాడు, ఇతను కాదని ఆ ఊరివాళ్ళు చెప్పారు. అప్పుడే అతణ్ణి పౌహాటన్ దగ్గరికి పంపారు. పోకహోంటాస్ అడ్డుపడి అతని తల కాపాడిందన్న కథ అక్కడిదే. అప్పటికి ఆమెకు పదీ పదకొండేళ్ళు. చాలామంది చరిత్రకారులు ఆ కథను నమ్మరు. నాకు మాత్రం దానికంటే రాపహానక్ సంగతే పెద్దదిగా కనిపిస్తుంది: శత్రువు చేతికి చిక్కినా, నేరం చేసినవాడు ఇతనేనా అని సాక్షులను అడిగారు.

ఆ మర్యాదకు బదులు ఎలా వచ్చిందో చూడండి. 1609 జనవరిలో తిండి కరువై స్మిత్ పమంకీకి వచ్చాడు. మొక్కజొన్న అడిగాడు. చలికాలం, వారి దగ్గరా మిగులు లేదు. స్మిత్ స్వయంగా రాసుకున్నదాని ప్రకారం, ఒపెచాంకనౌను జుట్టు పట్టి గుంజి, గుండెకు పిస్తోలు ఆనించి, ఆయన ప్రజల ముందుకు ఈడ్చుకొచ్చాడు. పడవ నిండా ధాన్యం పోయకపోతే పీనుగులతో నింపుతానని బెదిరించాడు. వాళ్ళు ఆయుధాలు కింద పెట్టి ధాన్యం పోశారు. ఒక దేశపు పెద్ద, యాభై దాటిన మనిషి, తన ఊరి నడుమ, ఆడవాళ్ళూ పిల్లలూ చూస్తుండగా! ఆయన అప్పుడు ఏమీ చేయలేదు.

ఆ తరువాత అయిదేళ్ళు యుద్ధం. పౌహాటన్ కోటను ముట్టడించి తిండి అందకుండా చేశాడు. 1609-10 చలికాలంలో జేమ్స్‌టౌన్‌లో గుర్రాలను, ఎలుకలను, చివరికి శవాలను కూడా తిన్నారు. వసంతానికి కోటలో మిగిలినది అరవై మంది. వాళ్ళు ఓడ ఎక్కి వెళ్ళిపోతుంటే, నది ముఖం దగ్గరే కొత్త గవర్నరు ఓడలు ఎదురువచ్చి వెనక్కి తిప్పాయి. ఒక్క రోజు తేడాతో ఆ దేశపు తలరాత మారింది. 1613లో ఇంగ్లీషువాళ్ళు పోకహోంటాస్‌ను మోసంతో ఓడ ఎక్కించి బందీ చేశారు. ఆమెకు బాప్తిస్మమిచ్చి రెబెకా అని పేరు పెట్టారు. 1614 ఏప్రిల్‌లో ఆమె జాన్ రోల్ఫ్ అనే రైతును పెండ్లాడింది. యుద్ధం ఆగింది.

ఈ రోల్ఫ్ చేసిన పని ఆ పెళ్ళి కంటే ముఖ్యమైనది. అక్కడ పండే నాటు పొగాకు ఘాటు ఇంగ్లాండులో ఎవరికీ నచ్చలేదు. రోల్ఫ్ దక్షిణ అమెరికా వైపు నుంచి మెత్తని రకం విత్తనం తెప్పించి వేశాడు. 1617లో సుమారు 20,000 పౌన్ల ఆకు లండన్ వెళ్ళింది. మీరు రైతు బిడ్డలైతే తక్కినది నేను చెప్పనక్కరలేదు. ఎరువు లేకుండా వరసగా పొగాకు వేస్తే మూడు నాలుగేళ్ళకు నేల సారం పోతుంది. అప్పుడు కొత్త నేల కావాలి. పమంకీ స్త్రీలు తరాలుగా చదును చేసి ఉంచిన నదీతీరపు చేలే వాళ్ళ కంటికి ఆనాయి. దానికి తోడు 1618లో కంపెనీ కొత్త నియమం పెట్టింది: సొంత ఖర్చుతో సముద్రం దాటి వచ్చే ప్రతి మనిషికి యాభై ఎకరాలు. ఆ ఎకరాలు ఎవరివన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు.

1616లో పోకహోంటాస్ భర్తతో లండన్ వెళ్ళింది. ఆమె వెంట టొమొకొమొ అనే పెద్దమనిషిని పంపారు. ఇంగ్లీషువాళ్ళు మొత్తం ఎందరున్నారో ఒక కర్ర మీద గాట్లు పెట్టి లెక్క తీసుకురమ్మన్నారు. పాపం, అతను ఓడ దిగిన కొద్దిసేపటికే ఆ కర్ర పనికిరాదని వదిలేశాడు. పోకహోంటాస్ 1617 మార్చిలో ఇంగ్లాండులోనే చనిపోయింది. టొమొకొమొ తిరిగి వచ్చి చూసినది చూసినట్టు ఒపెచాంకనౌకు చెప్పాడు. మరుసటి ఏడు పౌహాటన్ కన్నుమూశాడు. పెద్ద తమ్ముడు ఒపిచాపం పేరుకు గద్దె ఎక్కాడు గాని, పెత్తనం ఒపెచాంకనౌ చేతికి వచ్చింది.

అప్పుడు వచ్చాడు జార్జి థార్ప్. పాఠకులారా, ఈ మనిషి దగ్గర కాస్త ఆగుదాం. ఎందుకంటే ఇతను చెడ్డవాడు కాడు. ఇంగ్లాండులో పార్లమెంటు సభ్యుడుగా ఉన్నవాడు, భక్తిపరుడు. అక్కడి పిల్లలకు చదువు, క్రైస్తవ మతం చెప్పాలని ఒక కళాశాల తలపెట్టారు. పదివేల ఎకరాలు కేటాయించారు. రాజు ఆజ్ఞ మీద ఇంగ్లాండు గుళ్ళలో చందాలు పోగు చేశారు. ఆ పని చూడటానికి 1620లో థార్ప్ వచ్చాడు. అక్కడి జనాన్ని కుక్కలుగా చూసే తోటి ఇంగ్లీషువాళ్ళను మందలించాడు. వాళ్ళ వేటకుక్కలంటే జనానికి హడలని తెలిసి, కొన్నిటిని అందరి ముందు చంపించాడు. ఒపెచాంకనౌకు ఇంగ్లీషు పద్ధతిలో ఇల్లు కట్టించాడు. తలుపుకు తాళం ఉండేది. ఆ తాళాన్ని ఆయన రోజుకు ఎన్నోసార్లు వేసి తీసి మురిసిపోయేవాడని ఇంగ్లీషువాళ్ళు నవ్వుతూ రాశారు. థార్ప్‌తో కూర్చుని దేవుని గురించి, నక్షత్రాల గురించి మాట్లాడేవాడు. మా మతం కంటే మీదే మంచిదని ఒప్పుకున్నాడని థార్ప్ సంతోషంగా లండన్‌కు రాశాడు.

తాళం చూసి నవ్వినవారికి ఆయన అప్పటికే ఇంగ్లీషువాళ్ళను పదమూడేళ్ళుగా చదువుతున్నాడన్న సంగతి తట్టలేదు.

కళాశాలకు కావలసినది పిల్లలు. పిల్లలను ఇవ్వమని కంపెనీ గవర్నర్ల మీద ఒత్తిడి తెచ్చింది. వాళ్ళు తమ పిల్లలను ఎంతకూ విడిచి పెట్టడం లేదని గవర్నరు యార్డ్లీ రాశాడు. ఇస్తే పిల్లలను ఒంటరిగా పంపం, కుటుంబాలతో సహా వచ్చి ఉంటాం అన్న షరతు మీద ఒపెచాంకనౌ బేరం కుదుర్చుకున్నాడు. మీరు తల్లిదండ్రులు. మీ ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చాడనుకోండి. తియ్యగా మాట్లాడతాడు, ఇల్లు కట్టిస్తాడు. అతని అన్నదమ్ములు మాత్రం మీ చేను దున్నేసుకుంటున్నారు. అతను మీ బిడ్డను నాతో పంపండి, బాగా చదివిస్తాను, వేరే పేరు పెడతాను అంటాడు. అతని మంచితనం మీకు ధైర్యమిస్తుందా, భయం పుట్టిస్తుందా? స్మిత్ పిస్తోలు కంటే థార్ప్ దయే ఒపెచాంకనౌను ఎక్కువ కలవరపెట్టి ఉంటుందని నా నమ్మకం. ఆ చందాల సొమ్ములో కొంత బడికి కాక ఇనుము కొలిమికి వెళ్ళిందన్నది మరో సంగతి.

1621లో ఆయన, ఒపిచాపం ఇద్దరూ పేర్లు మార్చుకున్నారు. వారిలో పేరు మార్పు అంటే కొత్త పనికి పూనుకోవడం. అదే ఏడు, అఖాతానికి అవతలి ఒడ్డున దొరికే ఒక విషపు మొక్క కావాలని కబురు పంపితే, అక్కడి నాయకుడు ఆ సంగతి ఇంగ్లీషువాళ్ళకు చేరవేశాడు. అడిగితే ఒపెచాంకనౌ లేదన్నాడు. 1622 మొదట్లో ఆయన ప్రజలు దైవాంశగా చూసే నెమట్టనూ అనే యోధుణ్ణి ఇంగ్లీషువాళ్ళు చంపారు. అప్పుడు కూడా ఆయన, ఆకాశం విరిగిపడినా సంధి చెడదని కబురంపాడు.

1622 మార్చి 22, శుక్రవారం. జేమ్స్ నది పొడవునా ఎనభై మైళ్ళ మేర చెదురుమదురుగా ఉన్న ఇంగ్లీషు ఇళ్ళకు రోజూ వచ్చినట్టే ఆ ప్రజలు వచ్చారు. చేతిలో ఆయుధం లేదు. చేపలు, జింక మాంసం, అడవి కోళ్ళు తెచ్చారు. కొన్ని ఇళ్ళలో బల్ల దగ్గర కూర్చుని ఫలహారం చేశారు. తరువాత అక్కడ ఉన్న గొడ్డళ్ళు, సుత్తులు, పారలు అందుకున్నారు. 347 మంది చనిపోయారు. వారిలో స్త్రీలు ఉన్నారు, పిల్లలు ఉన్నారు. అప్పటి ఇంగ్లీషు జనాభా సుమారు 1,240. జాగ్రత్తగా ఉండమని సేవకుడు చెప్పినా వినని థార్ప్‌ను చంపి, శవాన్ని కూడా ఛిద్రం చేశారు. ఒక ఇంగ్లీషువాని ఇంట్లో ఉంటున్న ఆ జాతి కుర్రవాడు ముందు రాత్రి సంగతి చెప్పేయడంతో జేమ్స్‌టౌన్ మాత్రం తప్పించుకుంది.

అన్నం పెట్టిన చేతిని నరకడాన్ని ఏ వేదమూ ఒప్పదు. పసిబిడ్డల చావును ఏ కారణంతోనూ కడిగేయలేం. అది చెప్పాక ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఒక్క రోజు దెబ్బతో ఆయన ఆగాడు. వెంటపడి మిగిలినవారిని తరమలేదు. వారి యుద్ధధర్మంలో ఇలాంటి దెబ్బ హద్దు మీరినవాణ్ణి వెనక్కి పంపే హెచ్చరిక. బుద్ధి తెచ్చుకుని ఒక మూలకు సర్దుకుంటారనో, ఓడ ఎక్కి పోతారనో ఆయన అనుకున్నాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. లండన్‌లో దాన్ని మరోలా చదివారు. ఇన్నాళ్ళు బీడు నేల మాత్రమే తీసుకున్నాం, ఇక యుద్ధం ఇచ్చిన హక్కుతో వాళ్ళ సాగుచేలనే తీసుకోవచ్చని ఆ ఏడే ఒక పుస్తకం అచ్చయింది. దయ చూపే బాధ్యత తీరిపోయిందని అందులో ఉన్నది సంతోషమేగాని దుఃఖం కాదు.

ఇక్కడ పంచాంగం గురించి ఒక మాట. ఆ దాడి గుడ్‌ఫ్రైడే నాడు జరిగిందని ఎన్నో పుస్తకాల్లో ఉంది. అది సరికాదు. ఇంగ్లీషువాళ్ళు అప్పటికింకా పాత పంచాంగమే వాడేవారు. దాని ప్రకారం ఆ ఏటి గుడ్‌ఫ్రైడే ఏప్రిల్ 19. పదమూడవ గ్రెగరీ పోపుగారు 1582లో సవరించిన మన పంచాంగం ప్రకారం చూసినా, అప్పటికి పాస్క పండుగ వెళ్ళి అయిదు రోజులైంది. ఈ పొరపాటు ఎలా వచ్చిందో ముందు మీకే తెలుస్తుంది.

తరువాత పదేళ్ళ యుద్ధం గురించి పెద్దగా చెప్పేది లేదు. పంట చేతికొచ్చే వేళకు ఇంగ్లీషువాళ్ళు వచ్చి మొక్కజొన్న కోసుకుపోవడం, ఊళ్ళు తగలబెట్టడం, మళ్ళీ మరుసటి ఏడు అదే. ఒక్క సంగతి మాత్రం వదలకూడదు. 1623లో ఒపెచాంకనౌ బందీగా ఉన్న ఒక ఇంగ్లీషు స్త్రీని రాణిలా అలంకరించి, శాంతి కబురుతో తిప్పి పంపాడు. మే 22న సంధి మాటలకని కెప్టెన్ టక్కర్ వెళ్ళాడు. మాటలయ్యాక సంధి పేరున తాగమని ద్రాక్షసారా ఇచ్చాడు. అందులో విషం. కలిపినవాడు కాలనీ వైద్యుడు జాన్ పాట్. రెండు వందల మంది దాకా తాగి పడిపోయారని, ఇంకో యాభై మందిని ఆయుధాలతో చంపామని ఇంగ్లీషువాళ్ళే రాశారు. ఒపెచాంకనౌ కూడా చచ్చాడనుకున్నారు. ఆయన తప్పించుకున్నాడు. విషం పెట్టినవాణ్ణి పాలకసభలో కూర్చోబెట్టవద్దని లండన్‌లో ఒక ప్రభువు అభ్యంతరం చెప్పాడు, కొన్నాళ్ళు తీసేశారు, 1629లో ఆ పాట్‌నే తాత్కాలిక గవర్నరును చేశారు. మార్చి 22ను ఏటేటా స్మరించుకున్నారు గాని, మే 22 ఎవరికీ పట్టలేదు.

1632లో సంధి కుదిరింది. 1634లో రెండు నదుల మధ్య ఆరు మైళ్ళ పొడవున కంచె కట్టి, ఇటువైపు మాదేనన్నారు. ఆ కంచె కూడా నిలవలేదు. పొగాకు దాన్ని దాటి యార్క్ నదికి ఉత్తరాన, ఒపెచాంకనౌ ఊళ్ళ పక్కకే వచ్చేసింది. 1629 ప్రాంతంలో అన్న చనిపోయాక ఆయనే సర్వాధికారి. కాని ఏలడానికి మిగిలినదేమిటి? 1640ల నాటికి ఇంగ్లీషువాళ్ళు ఎనిమిది వేలు దాటారు. రోగాలు, యుద్ధాలు, ఆకలి కలిసి ఆయన ప్రజలను చితికించాయి.

అప్పటికి ఆయన వయసు తొంభై దాటిందంటారు. నడవలేడు, పల్లకీలాంటి మంచె మీద మోసేవారు. కనురెప్పలు వాలిపోయాయి, చూడాలంటే పక్కనున్నవాళ్ళు వేళ్ళతో ఎత్తి పట్టుకోవాలి. ఇంగ్లాండులో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం జరుగుతోందని కబురు అందింది. 1644 ఏప్రిల్ 18న ఆ ముసలి నాయకుడు మళ్ళీ దెబ్బ కొట్టాడు. నాలుగైదు వందల మంది ఇంగ్లీషువాళ్ళు ఒక్క రోజులో చనిపోయారు. ఇంగ్లీషు పంచాంగం ప్రకారం ఆ రోజు పవిత్ర గురువారం. మొదటి దాడికి అంటగట్టిన గుడ్‌ఫ్రైడే బహుశా ఈ పవిత్ర వారం నుంచే జారి వెనక్కి వెళ్ళి ఉంటుంది.

గెలుస్తానని ఆయన అనుకున్నాడా? ఎనిమిది వేలలో అయిదు వందలు పోతే కాలనీ కదలదని, కర్ర మీద గాట్ల కథ విన్న మనిషికి తెలియకుండా ఉండదు. తాను పోయాక ఈ పని చేయగలవాడు ఉండడని తెలిసే, తన చేతనైన చివరి పని చేశాడని నాకు అనిపిస్తుంది. మీకు వేరేలా తోచవచ్చు.

రెండేళ్ళ తరువాత, 1646లో గవర్నరు విలియం బర్క్‌లీ గుర్రపు దళంతో వెళ్ళి ఆయనను పట్టుకున్నాడు. ఇంగ్లాండుకు పంపి రాజుకు చూపించాలని గవర్నరు ఆలోచన. జేమ్స్‌టౌన్ చెరలో పెట్టారు. జనం విరగబడి చూడటానికి వచ్చేవారు. ఒకరోజు పక్కన అలికిడి ఎక్కువై ఆయన రెప్పలు ఎత్తించుకుని చూశాడు. చుట్టూ మూగిన జనం కనిపించారు. వెంటనే గవర్నరును పిలిపించి, నువ్వే నా చేతికి చిక్కి ఉంటే నిన్నిలా నలుగురికి వింతగా చూపించి ఉండేవాణ్ణి కాదని అన్నాడట. ఇది తరువాతి తరంవారు రాసినది. అన్నాడో లేదో గాని, పొట్టివాడా పొడుగువాడా అని ఊరూరా అడిగించి స్మిత్‌ను వదిలిన మనిషి అనదగిన మాటే.

పట్టుకున్న రెండు వారాల్లోపే, కాపలా ఉన్న సైనికుడొకడు వెనుక నుంచి తుపాకీ కాల్చి ఆయనను చంపాడు.

ఆ అక్టోబరులో ఆయన తరువాతి నాయకుడు నెకొటొవాన్స్ సంధి పత్రం ఒప్పుకున్నాడు. యార్క్, జేమ్స్ నదుల మధ్య నేల ఇంగ్లీషువాళ్ళది. ఏటా ఇరవై బీవరు తోళ్ళు గవర్నరుకు కప్పం. ఆ పత్రంలో పిల్లల గురించి కూడా ఒక షరతు రాశారు: పన్నెండేళ్ళు మించని పిల్లలు తమంతట తాము వస్తే ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలో ఉండవచ్చు, దానివల్ల సంధి చెడినట్టు కాదు.

పమంకీ తెగ అంతరించలేదు. ఆ నది వంపులోనే, వారికి మిగిల్చిన కొద్దిపాటి నేల మీద ఈనాటికీ ఉన్నారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం వారిని ఒక జాతిగా గుర్తిస్తూ 2015లో నిర్ణయం చేసింది. ఏటా నవంబరులో తెగ పెద్దలు రిచ్‌మండ్ పట్టణంలోని గవర్నరు ఇంటి ముందుకు వేటాడిన జింకను తెచ్చి అప్పగిస్తారు. పాత సంధి కప్పం ఇప్పుడు ఆ రూపంలో సాగుతోంది.